గొడ్ల కాలువ మీద బండలు

ఫిన్లే మెక్లెనన్ నోరు మెత్తన. అంగట్లో తన వంతు వచ్చాక కూడా వెనకున్నవాళ్లను ముందుకు పంపి, తాను గోడకు ఆనుకుని నిలబడే రకం. చర్చిలో కీర్తన పాడేటప్పుడు పెదవులు కదిలేవే గాని గొంతు పక్కవాడికి కూడా వినిపించేది కాదు. అలాంటి మనిషి జన్మకంతా ఒక్క తగువు పెట్టుకున్నాడు. పెట్టుకుని గెలిచాడు. ఆ గెలుపు కళ్లారా చూసినవాళ్లలో ఊళ్లో మిగిలింది అతని వదిన డోలీనా ఒక్కతే. చూసి ఊరుకుందా అంటే అదీ లేదు. ఏడేళ్లపాటు ఊరంతా టాంటాం వేసింది కూడా ఆవిడే.

అది ఆగస్టు నెల. లోయ తలాపున, వాగు రెండుగా చీలే చోట, పైకప్పు లేని పాత కట్టడం ఒకటి ఉంది. ఊళ్లోవాళ్లకి అది ‘పెద్ద గోడలు’. నూరేళ్ల కిందట కొలతలకు వచ్చిన ఎవడో పటం మీద మాత్రం ‘కోట’ అని రాసిపోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ రోజు రెండు వంశాలవాళ్లు కొండెక్కారు. కెనడా నుంచి వచ్చి బస్సు మాట్లాడుకుని మాథెసన్‌లు ఎక్కారు. వాళ్లకు పెద్ద ఇజబెల్ మాథెసన్ అనే ముసలావిడ. ఎడింబరో నుంచి కార్లలో మెకాస్కిల్‌లు దిగారు. వాళ్లకు పెద్ద సైన్యంలో చేసి మానేసిన ఒక మేజరు. మధ్యలో పాత కట్టడాల జాబితా రాసే సర్కారు ఆఫీసరు, చంకలో నోటుపుస్తకం. కోట ఎవరిదో తేలితే జాబితాలో దాని పక్కన ఆ వంశం పేరు ఎక్కిస్తానని ఆయనే వాళ్లను పిలిపించాడు. డోలీనా ఇరవై ఏడుమందికి టీ మోసుకొచ్చింది. ఫిన్లే ఆ పక్కనే కూలిన గొర్రెల దొడ్డి గోడ తిరిగి పేరుస్తున్నాడు. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ నిలబెట్టడం అతని తాతల నాటి పని.

“ఆరడుగుల మందం గోడండీ ఇది. ఇంత మందం గోడ దొర కడతాడా, దొర దగ్గర పాలేరు కడతాడా?” అన్నాడు మేజరు. “ఈ చుట్టుపక్కల దొరలంటే మా మెకాస్కిల్‌లే.”

“మా తాతగారి ఉత్తరంలో ఉంది. లోయ తలాపున మనవాళ్ల ఇల్లుండేదని రాశారు” అంది ఇజబెల్ మాథెసన్. చేతిసంచిలో ఆ ఉత్తరం కూడా ఉంది. మడతల దగ్గర చిరిగితే బట్టముక్క అంటించుకుంది.

“ఈ దేశంలో లోయలు తక్కువా అమ్మా, తలాపులు తక్కువా?”

“మీ మెకాస్కిల్‌లు ఈ లోయలో కాలు పెట్టినట్టు ఒక్క కాగితం చూపించండి.”

“కోటలు కట్టేవాళ్లు కాగితాలు రాసుకుంటూ కూర్చోరు.”

గంటన్నర ఇదే వరస. టీ చల్లారింది. చిట్టిదోమలు అందరి చెవుల్లోనూ దూరాయి. విసిగిపోయిన ఆఫీసరు గోడ పేరుస్తున్న మనిషిని కేకేశాడు. “ఏమయ్యా, నీ పనే గోడలు కదా. నువ్వు చెప్పు, ఇది ఎవరు కట్టి ఉంటారు?”

ఫిన్లే చేతిలో రాయి ఉంది. దానికి చోటు చూసి పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చాడు. మేజరు కారు డ్రైవరు దగ్గర పార అడిగి పుచ్చుకున్నాడు. కట్టడం లోపల, దిగువ సగంలో, నట్టనడుమ గడ్డి చెక్కడం మొదలుపెట్టాడు. జానెడు లోతు పోయేసరికి రెండు పక్కలా రాళ్లు పేర్చిన కాలువ బయటపడింది. అలా చెక్కుకుంటూ పోయి దిగువ కొసగోడ అడుగున ఉన్న కన్నం దాకా తీసుకెళ్లి ఆపాడు.

“సొరంగం” అన్నాడు మేజరు, మొహం వెలిగిపోతూ. “శత్రువులు చుట్టుముడితే తప్పించుకుపోవడానికి.”

“తప్పించుకుపోవడానికేనండీ” అన్నాడు ఫిన్లే. “ఆవు ఉచ్చ తప్పించుకుపోతుంది.”

డోలీనాకి నవ్వాగలేదు. చేతిలో కెటిల్ ఒలికి కాళ్లు తడిశాయి, అయినా నవ్వాగలేదు.

“నవ్వులాటకి కాదండీ” అన్నాడు ఫిన్లే. ఆ గొంతు అంత పెద్దగా ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. “మీ దొరగారు ఆవుల తోకల కింద పక్కేసుకునేవారంటే ఇది కోటేనండీ, నాకేం అభ్యంతరం లేదు. గోడ మందమంటారా, ఇటు ఒక వరస, అటు ఒక వరస, మధ్యన మట్టి. ఎగువన మనుషులు, దిగువన గొడ్లు, మధ్యలో నిప్పు. గొడ్ల వేడి మనుషులకీ, నిప్పు వేడి గొడ్లకీ. దొరలకి సున్నం ఉంటుంది. మాకు మట్టే దొరికింది.”

“మాకు అంటే?” అన్నాడు ఆఫీసరు.

“మా ముత్తవ్వ పుట్టింది ఇక్కడేనండీ. అదిగో, ఆ మూల.”

మేజరు కాలువ వంక చూసి వెనక్కి తిరిగాడు. ఇజబెల్ మాథెసన్ మాత్రం చేతొడుగులు విప్పి, కాలువ పక్కన ఒక రాయి మీద కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది, ఎవరిని అడిగిందో తెలియదు. “మరి మావాళ్లు ఎక్కడుండేవాళ్లు?”

ఫిన్లే పార తిరిగి ఇచ్చేసి దొడ్డిగోడ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆఫీసరు నోటుపుస్తకంలో ఒక గీత కొట్టి మూసేశాడు. ఆ గీత డోలీనా చూసింది. చూసి, ఓడినవాళ్ల మీద కొట్టిన గీత అనుకుంది. అప్పటికి ఆవిడకు తెలిసింది అంతే.

ఫిన్లేని ఎరిగినవాళ్లు ఆ రోజు మాటల్ని చాలాకాలం నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. అరవై ఏళ్ల మనిషి, పెళ్లి లేదు. తండ్రి గోడలు కట్టాడు, తనూ గోడలే కట్టాడు. రాయిని ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే దాన్ని కింద పెట్టకూడదని తండ్రి నేర్పిన పద్ధతి. చోటు దొరికేదాకా మోస్తూ తిరగాల్సిందే. ఫిన్లే చిన్న రాయిని పట్టుకుని కూడా గోడ ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేవాడు. “రాయికి పెళ్లిసంబంధం చూస్తున్నాడు, తనకి చూసుకోవడం చేతకాక” అని డోలీనా ఎగతాళి చేసేది. ఫిన్లే నవ్వేవాడు. రాయిని మాత్రం దించేవాడు కాదు.

డోలీనా అతని అన్న టోర్క్విల్ భార్య. పదకొండో ఏట తల్లి మంచాన పడితే బడి మాన్పించి ఇంటిపనికి పెట్టారు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది గాని మాట మాత్రం ఎవడికీ లొంగని మాట. టోర్క్విల్ చేపల పడవ మీద పోయి తిరిగి రాలేదు. అది జరిగి ముప్పై ఏళ్లు. ఆ ముప్పై ఏళ్లూ ఆమె పొయ్యిలోకి పీటు మట్టి కోసి, ఎండబెట్టి, వాకిట్లో కుప్ప వేసింది ఫిన్లేనే. ఆమె పెరటిగోడ కట్టింది ఫిన్లేనే. శనివారం సాయంత్రం అతనికి ఉప్పుచేప, బంగాళదుంపలు ఉడికించి పెట్టింది డోలీనా.

“ఊళ్లోవాళ్లు మనకి పెళ్లి చేసేశారయ్యా” అంది ఒకసారి. “మనిద్దరికీ కబురు పెట్టడం మర్చిపోయారంతే.”

“భోజనం పెట్టారా?” అన్నాడు ఫిన్లే దుంప ఒలుచుకుంటూ.

సముద్రం ఒడ్డున ఉన్న అతని ఇంటికి నడిమి దూలం ఒకటి ఉంది, ఒక కొస నల్లగా కాలి. లోయంతా గొర్రెల మేతకి కావాలని మనుషుల్ని వెళ్లగొట్టినప్పుడు, సాయంత్రం దాకా గడువిచ్చి, దొర మనుషులు ఇళ్లకి నిప్పు పెట్టుకుంటూ వచ్చారట. ఈ నేలలో చెట్టు మొలవదు. దూలం లేకపోతే ఒడ్డున కొత్త ఇల్లు లేవదు. అందుకని జనం మంచాలు వదిలేశారు, మగ్గాలు వదిలేశారు, దూలాలు భుజాన వేసుకుని దిగారు. ముత్తవ్వ తండ్రి మండుతున్న దూలాన్ని తడి కంబళితో చుట్టి నాలుగు మైళ్లు మోశాడు. అదే ఈ దూలం. ముత్తవ్వ నోట నాయనమ్మ విన్నది, నాయనమ్మ నోట ఫిన్లే విన్నాడు. ఏ పుస్తకంలోనూ లేదు. ఫిన్లే దగ్గర ఇంక వినేవాళ్లు లేరు, డోలీనా తప్ప.

ఇంకో సంగతి కూడా ఆమెకే చెప్పాడు, తగువు గెలిచిన ఏడాదికో రెండేళ్లకో, ఒక శనివారం భోజనం దగ్గర. “పెద్ద గోడల్లో అడుగు రెండు వరసలు మావాళ్లవి కావు వదినా.”

“మరెవరివి?”

“తెలీదు. రాయి వేరు, పేర్చిన చెయ్యి వేరు. ముందెవరో కట్టుకున్న దాని మీద మావాళ్లు కట్టుకున్నారు.”

“మాథెసన్‌ల చెయ్యా, మెకాస్కిల్‌ల చెయ్యా?”

“చేతికి ఇంటిపేరు ఉండదు కదా.”

“మరి ఆ రోజు ఈ ముక్క చెప్పలేదేం?”

ఫిన్లే దుంప వైపు చూస్తూ అన్నాడు. “గెలుస్తున్నాను కదా వదినా. ఎప్పుడూ గెలిచినవాణ్ణి కాదు.”

తగువు జరిగి ఏడేళ్లు గడిచాయి. ఎస్టేటు యజమాని, ఎక్కడో దూరాన ఉండేవాడు, లోయ ఎగువ భాగాన్ని కలప చెట్లు నాటే కంపెనీ ఒకదానికి అమ్మేశాడు. చెట్లు మొలవని నేలలో చెట్లు ఎలా మొలిపిస్తారో కంపెనీవాళ్లకే తెలియాలి. కందకాలు తవ్వారు, మందులు చల్లారు. లారీలు పోవడానికి బాట వేశారు. బాటకి అడుగున పరచడానికి రాయి కావాలి. దగ్గర్లో, ఎవరో ముందే ఏరి పెట్టినట్టు, బోలెడంత రాయి ఉంది.

నవంబరులో ఒక పొద్దున్న యంత్రం వచ్చి పెద్ద గోడల దిగువ కొసగోడను ఎత్తుకుపోయింది. కాలువ కన్నం ఉన్న గోడ అదే. ఫిన్లే వెళ్లేసరికి రాళ్లు బాటలో పడి ఉన్నాయి, వాటి మీద లారీ చక్రాల అచ్చు. మంచు గట్టిగా పడడంతో పని ఆపి, వసంతంలో గొర్రెల ఈతలు అయ్యాక మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు.

మరుసటి సోమవారం ఫిన్లే, డోలీనా టపా వ్యానెక్కి ఇన్వర్నెస్ పట్నంలో ఆఫీసరు దగ్గరికి వెళ్లారు. ఫిన్లే చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు. ఆఫీసరు జుట్టు నెరిసింది గాని గుర్తుపట్టాడు. కుర్చీలు వేయించాడు. మంచివాడే. అదే బాధ. చెడ్డవాడైతే డోలీనా నాలుగు మాటలు అని వచ్చేది.

“ఆ గోడలు ఆపించాలండీ” అన్నాడు ఫిన్లే.

ఆఫీసరు ఒక దస్త్రం తెరిచి చూశాడు. “జాబితాలో లేదండీ అది. కోట అనుకున్నప్పుడు ఉండేది. ఆ రోజే గీత కొట్టి తీసేశాం. ఏదైనా వంశానికి మూలస్థానమైతే కాపాడమని రాయగలను. ఇది మామూలు రైతుల ఇల్లు.”

“ఇల్లే కదండీ.”

“ఇల్లే. ఉత్తరాన ఇలాంటి కూలిన ఇళ్లు ఎన్నున్నాయో నాకే లెక్క తెలీదు. అన్నిటినీ ఎలా రాసుకోను?”

“అన్నీ ఎందుకు కూలాయో రాసుకోవచ్చు కదా” అంది డోలీనా.

ఆఫీసరు ఆమె వైపు చూసి తల దించుకున్నాడు. “మీ మరిదిగారే కదమ్మా ఆ రోజు చెప్పింది.”

“నిజమే చెప్పాను” అన్నాడు ఫిన్లే.

“మీరు నిజం చెప్పారు, నేను నిజం రాసుకున్నాను. ఇప్పుడు ఏం చెయ్యమంటారు? మాథెసన్‌వాళ్లు మాదని మళ్లీ అర్జీ పెట్టుకుని, దాన్ని కాదనడానికి ఏమీ లేకపోతే, ఆపించి విచారణ వేస్తాను. కాని ఆ కాలువ చూసిన ఆవిడ మళ్లీ ఎందుకు పెడుతుంది?”

వ్యానులో తిరిగొచ్చేటప్పుడు నలభై మైళ్లూ ఫిన్లే చేతులు ఒడిలో ఖాళీగా ఉండలేకపోయాయి. అక్కడ లేని రాయి బరువు చూస్తున్నట్టు కదులుతూనే ఉన్నాయి. ఊరి మలుపు దగ్గర అన్నాడు. “నేను నోరు మూసుకుని దొడ్డిగోడ కట్టుకునుంటే ఆ గోడలు నిలబడి ఉండేవి వదినా.”

“నిజం చెప్పడం తప్పెప్పుడయింది?”

“తప్పని అనలేదు. గోడలు నిలబడి ఉండేవి, అంతే అన్నాను.”

మార్చి మొదటి ఆదివారం చర్చిలో మెక్లెనన్‌ల బల్ల మీద ఫిన్లే లేడు. ఆ ఊళ్లో ఆదివారమంటే బట్టలు ఆరేయరు, కత్తి పట్టుకుని దుంప కూడా చెక్కరు, నీళ్లు శనివారమే తోడిపెట్టుకుంటారు. ముసలివాళ్లు కొందరు పుంజుని కూడా బుట్ట కింద మూసేవాళ్లు, కోళ్ల వెంట పడకుండా. అలాంటి ఊళ్లో డెబ్బై దగ్గర పడ్డ మనిషి, ఒక్క ఆదివారం తప్పనివాడు, రాలేదు. జ్వరమేమోనని డోలీనా సాయంత్రం చూడ్డానికి వెళ్తే ఇంట్లో లేడు. పొయ్యిలో నిప్పు బూడిద కప్పి ఉంది.

రెండో ఆదివారమూ రాలేదు. సంఘపెద్ద చర్చి గుమ్మంలో డోలీనాని ఆపాడు. “మీ మరిది దేవుణ్ణి వదిలేశాడా, సీసా పట్టుకున్నాడా?”

“దేవుడికి లేని తొందర తమరికెందుకండీ?” అని ఆవిడ ముందుకు సాగిపోయింది. సాగిపోయింది గాని, ఆ మాట ఇంటిదాకా వెంటపడి వచ్చింది.

సోమవారం ఫిన్లే వాకిట్లో పట్టుకుంది అతన్ని. రెండు చేతుల వేళ్లూ గోళ్ల దగ్గర చితికి ఉన్నాయి. కోటుకి మోచేతుల దాకా తడి మట్టి.

“ఆదివారాలు ఎక్కడికి పోతున్నావు?”

“ఊరికే.”

“తాగుతున్నావా?”

“తాగితే చర్చికి వచ్చేవాణ్ణి వదినా. సగంమంది అలాగే వస్తారు.”

“నాతో పరాచికాలాడకు. నీ తండ్రి ఈ చేతులు చూస్తే ఏమనేవాడు?”

“ఆదివారం పని చెయ్యకూడదనేవాడు” అన్నాడు ఫిన్లే, చేతులు కోటు జేబుల్లోకి పోనిస్తూ.

మూడో ఆదివారం వడగళ్లు, గాలి. నాలుగో ఆదివారానికి ఫిన్లే మంచం మీద ఉన్నాడు, రొమ్ము పట్టేసి. డాక్టరు వచ్చి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు, ఆస్పత్రికి రమ్మన్నాడు. దూలం కింద పుట్టానని, దూలం కిందే ఉంటానని ఫిన్లే అన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే డోలీనా కర్ర పట్టుకుని లోయ ఎక్కింది. డెబ్బై రెండేళ్ల మోకాళ్లతో నాలుగు గంటలు పట్టింది.

మొదట ఆమెకి ఏమీ కనిపించలేదు. దిగువ కొసగోడ పోయిన చోట ఖాళీ, మిగతా మూడు గోడలు, ఆకాశం. తర్వాత నేల వైపు చూసింది. ఏడేళ్ల కిందట ఫిన్లే చెక్కి, వానలకు తెరిచి ఉంచిన కాలువ అక్కడ లేదు. దాని మీదుగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, బూడిదరంగు బండలు పరిచి ఉన్నాయి. నాచు పట్టిన వైపు పైకి పెట్టి, సందుల్లో మట్టి కూరి, మట్టిలో గడ్డి గుచ్చి. కర్రతో పొడిచి చూసింది, కదలలేదు. ఒక్కో బండా ఇద్దరు మోసే బరువు. సంగతి తెలియని మనిషెవడైనా వచ్చి చూస్తే, ఈ నేల నాలుగు వందల ఏళ్లుగా ఇలాగే ఉందని ప్రమాణం చేస్తాడు. అంత బాగా చేశాడు. ఊరంతా చర్చిలో కూర్చుని ఉండే ఒకే ఒక్క పూట చూసుకుని, లోయలో ఒక్క కన్నూ లేని పూట చూసుకుని, మూడు వారాలు, ఒంటరిగా.

డోలీనా ఆ బండల మీద కూర్చుంది. ఎందుకు మూశాడో అర్థమయింది. ఆడవాళ్లందరి ముందూ, వ్యాను డ్రైవరు ముందూ, అంగడి ముందూ ఏడేళ్లు చెప్పుకుంది ఆవిడ. ఆవు ఉచ్చ తప్పించుకుపోతుందన్నాడు మా మరిది, మేజరు మొహం చూడాల్సింది అని. ఈ ఇంటికి వచ్చాక ఆమె గొప్పగా చెప్పుకున్నది ఆ ఒక్కటే. దాన్ని అతను బండ కింద పెట్టేశాడు.

మధ్యాహ్నం మూడింటికి ఫిన్లే మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. కిటికీలోంచి సముద్రం మీది వెలుతురు దూలం కాలిన కొస మీద పడుతోంది.

“కాలువ చూసొచ్చాను” అంది.

“బండలు కదిలాయా?”

“కదల్లేదు.”

“అయితే బాగానే కుదిరాయి.” కాసేపు దగ్గాడు. తగ్గాక అన్నాడు. “ఆ కెనడా ఆవిడ నీకు క్రిస్మస్‌కి కార్డు పంపిస్తుంది కదా.”

“ఆ రోజు టీ ఇచ్చానని. ఇప్పటికీ పంపుతోంది.”

“ఈ ఏడాది మే నెలలో వస్తున్నానని రాసింది. నువ్వే చదివావు నాకు.”

“చదివాను. మొదటి గురువారం, హోటల్లో ఉంటుందట. చూసి పోతాను, ఇదే ఆఖరుసారి అని రాసింది. ఇప్పుడు ఆవిడ గొడవెందుకు?”

“ఆవిడ అర్జీ పెడితే ఆగుతుంది వదినా. దాన్ని కాదనడానికి ఏమీ లేకపోతే ఆగుతుందన్నాడు ఆఫీసరు. నువ్వూ విన్నావు.”

డోలీనా పొయ్యిలో పీటు పెళ్ల ఒకటి సర్దింది. సర్దాల్సిన అవసరమేమీ లేదు. “మాథెసన్ కోట అని బోర్డు పెడతారు అక్కడ. మీ ముత్తవ్వ పుట్టిన మూల, దొర భోజనశాల అని రాస్తారు.”

“రాసుకోనీ. గాలికి బోర్డు పోతుంది.”

“నీకు సిగ్గులేదా?”

“ఉంది. నేను బతికుండగా చెప్పలేను. అంత సిగ్గుంది.” మళ్లీ దగ్గాడు. ఆమె తలగడ ఎత్తి పట్టుకుంది. చిన్నప్పుడు తల్లిని పట్టుకున్నట్టు పట్టుకుంది. “అడుగు రెండు వరసలు ఎవరివో నాకు తెలీదు కదా వదినా. ఆవిడవాళ్లవి అయినా అయి ఉండొచ్చు. ఆ రోజు మావాళ్లు ఎక్కడుండేవాళ్లని అడిగింది. నాకు ఆ వరసలు తెలుసు, చెప్పలేదు. ఆ మాట నన్ను తింటూనే ఉంది.”

“అయితే ఆ వరసల సంగతే చెప్తాను. అది నిజం.”

“అది చాలదు. కాలువ చూశారు వాళ్లు. ఇరవై ఏడుమంది చూశారు, ఆఫీసరు చూశాడు. కాలువ ఉండకూడదు.”

“కప్పేశావు కదా.”

“కప్పింది రాళ్లని. వాళ్లు చూసింది చూశారు.” అతను మంచం కోడు పట్టుకుని కొంచెం పైకి జరిగాడు. “ఆ కాలువ నేనే పెట్టానని చెప్పు. ముందురోజు వచ్చి రాళ్లు పేర్చి, గడ్డి కప్పి, మర్నాడు అందరిముందూ తవ్వానని చెప్పు. కన్నం కూడా నేనే పొడిచానని చెప్పు. కన్నం గోడ ఎలాగూ పోయింది. చచ్చేముందు మనసు ఆగక పూడ్చేశాడని, కింద నేల అసలు ఇదేనని చెప్పు. ఫిన్లే మెక్లెనన్ గోడలు కట్టేవాడు గాని అబద్ధాలకోరు, దొరలంటే కుళ్లు, అందుకే అలా చేశాడని చెప్పు.”

డోలీనాకి సంఘపెద్ద మొహం గుర్తుకొచ్చింది, ఆ మొహం ఈ మాట విన్నప్పుడు ఎలా ఉంటుందో. అంగట్లో వెనకాల నుంచి ఎవరెవరు ఏమంటారో, ఏ గొంతుతో అంటారో కూడా వినిపించింది.

“నా నోట ఇంతవరకు అబద్ధం రాలేదు” అంది. “కటువుగా వచ్చింది, అబద్ధం రాలేదు. నీకు తెలుసు.”

“తెలుసు. ఊరందరికీ తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నాను.”

“నువ్వు గెలిచింది ఒక్కటే కదయ్యా.”

“చూశావు కదా నువ్వు. నాకది చాలు.”

అతని చితికిన చెయ్యి కంబళి మీద ఆమె చేతికోసం వెతికి, దొరికాక ఆగింది. కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని ఆమె లేవబోతుంటే మళ్లీ అన్నాడు, అంగట్లో వంతు వదిలేసేటప్పుడు మాట్లాడే మెత్తటి గొంతుతో.

“ఆ గురువారం పొద్దున్నే హోటలుకి వెళ్లు, వాళ్లు కొండెక్కకముందే. ఆవిడ పక్కన కూర్చుని చెప్పు. కాలువ మాట వచ్చినప్పుడు మాత్రం, వదినా, నవ్వకు.”